చామంతి సాగులో ఎల్‌ఈడీ దీపాలు

చామంతి మొక్కలు సరిపడా ఎదగకముందే మొగ్గ తొడగకుండా రాత్రివేళ తోటలలో దీపాలు వెలిగించే పద్ధతి ఒకటి ఉంది. ఇందుకు పూర్వం తీగ బల్బులను, తరువాత సీఎఫ్ఎల్ దీపాలను వాడేవారు. ఇప్పుడు ఎల్‌ఈడీ దీపాలు, అనగా కాంతి ఉద్గార డయోడు దీపాలు, వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఆంధ్రప్రదేశ్‌లో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు పూల సాగుకు అనువైనవి. 2022 నాటి జిల్లాల పునర్విభజనకు పూర్వం ఈ మూడూ చిత్తూరు జిల్లాలోనివే. పీఠభూమిపై ఉండుట వలన ఇక్కడి వాతావరణం కోస్తా కంటే చల్లగా ఉంటుంది. బెంగుళూరు మార్కెట్ కూడా దగ్గరే.

దీపం ఎందుకు?

చామంతి హ్రస్వదీప్తికాల మొక్క. రాత్రి తగినంత దీర్ఘంగా ఉన్నప్పుడే ఇది పుష్పిస్తుంది. పగటి, రాత్రి నిడివిని బట్టి మొక్కలు పుష్పించే ఈ లక్షణాన్ని కాంతికాలావధి అంటారు. అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ దీనిని 1920లో వివరించారు. మొక్క నిజానికి లెక్కించేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని తరువాతి పరిశోధనలలో తేలింది. కనుక అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు వెలుతురు పడితే, ఒక దీర్ఘరాత్రి రెండు చిన్న రాత్రులుగా విడిపోయినట్లు మొక్క స్పందిస్తుంది. ఫలితంగా మొగ్గ తొడగక, కొమ్మలు వేసి ఎదుగుతుంది.

కుప్పం సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఇక్కడ జూన్‌లో కూడా పగలు 13 గంటలకు మించదు. డిసెంబరులో పదకొండున్నర గంటలకు తగ్గుతుంది. పగళ్లు కురచగా ఉండే నెలలలో నాటిన నారు రెండు మూడు కొమ్మలకే మొగ్గ వేసి, దిగుబడి తగ్గుతుంది. అందువలన నాటిన తరువాత కొన్ని వారాలపాటు రాత్రి దీపాలు వెలిగించి, మొక్క గుబురుగా ఎదిగిన తరువాత వాటిని ఆపివేస్తారు. దీపాలు ఆపే రోజును బట్టి పూత సమయం మారుతుంది కాబట్టి పండుగల గిరాకీకి కోత అందేలా చూసుకొనుటకు వీలు కలుగుతుంది.

పాత దీపాలు

తీగ బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా వేడెక్కి వెలుగునిస్తుంది. తీసుకున్న విద్యుత్తులో సుమారు 5 శాతం మాత్రమే కంటికి కనిపించే కాంతిగా మారుతుంది. తక్కినదంతా వేడి. దీని ఆయుష్షు సుమారు 1,000 గంటలు. సీఎఫ్ఎల్ దీపంలో పాదరసపు ఆవిరి నుండి అతినీలలోహిత కిరణాలు వెలువడి, గాజుగొట్టం లోపలి ఫాస్ఫర్ పూతపై పడి కాంతిగా మారతాయి. విద్యుత్ ఆదా బాగానే ఉన్నా, పగిలినప్పుడు పాదరసం బయటపడుతుంది.

ఎల్‌ఈడీ పనిచేసే విధానం

ఎల్‌ఈడీలో కాలే తీగ గానీ, వాయువు గానీ ఉండదు. ఎలక్ట్రాన్లు అధికంగా గల ఎన్-రకం అర్ధవాహకం, ఎలక్ట్రాన్ల లోటు గల పి-రకం అర్ధవాహకం ఇందులో కలిసి ఉంటాయి. ఆ లోటునే రంధ్రం అంటారు. విద్యుత్తును సరైన దిశలో పంపినప్పుడు ఎలక్ట్రాన్లు సంధి వద్ద రంధ్రాలతో కలుస్తాయి. అప్పుడు విడుదలైన శక్తి కాంతిగా వెలువడుతుంది. ఆ శక్తి పరిమాణం పదార్థాన్ని బట్టి ఉంటుంది. కనుక కాంతి రంగును పదార్థమే నిర్ణయిస్తుంది.

నిక్ హోలోన్యాక్ 1962లో ఎర్రని కాంతినిచ్చే ఎల్‌ఈడీని రూపొందించాడు. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ మాత్రం 1990 దశకంలో గాని సాధ్యపడలేదు. దీనికి అకసకి, అమానో, నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. నీలి కాంతిపై పసుపు ఫాస్ఫర్ పూత చేర్చి తెల్లని కాంతిని తయారుచేస్తారు.

భారతదేశంలో ప్రభుత్వ పథకాలకై టోకుగా కొన్న ఎల్‌ఈడీ బల్బు ధర 2014లో సుమారు 310 రూపాయలు. 2016 చివరి నాటికి అది 40 రూపాయల లోపుకు దిగింది. దీనితో ఈ దీపం పొలానికి కూడా అందుబాటులోకి వచ్చింది.

ఖర్చు పోలిక

దాదాపు సమానమైన వెలుగుకు 60 వాట్ల తీగ బల్బు, 14 వాట్ల సీఎఫ్ఎల్, 9 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతాయి. ఉదాహరణకు ఒక తోటలో 100 దీపాలు రాత్రికి 4 గంటల చొప్పున 30 రాత్రులు వెలిగితే అయ్యే ఖర్చు:

* తీగ బల్బులు: 720 యూనిట్లు
* సీఎఫ్ఎల్: 168 యూనిట్లు
* ఎల్‌ఈడీ: 108 యూనిట్లు

వైర్లపై పడే భారం కూడా ఇదే నిష్పత్తిలో తగ్గుతుంది. 6,000 వాట్ల స్థానంలో 900 వాట్లు చాలును.

గమనించవలసిన విషయాలు

వాట్లు తగ్గుట ఒక్కటే చాలదు. మొక్కలో వెలుతురును గుర్తించే ఫైటోక్రోం అనే వర్ణకం సుమారు 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. తీగ బల్బు కాంతిలో ఎరుపు సహజంగానే అధికం. నీలిఛాయ గల తెల్లని ఎల్‌ఈడీలో ఎరుపు పాలు తక్కువ కాబట్టి, పసుపుఛాయ గల తెల్లని దీపం గానీ, ఎర్రని దీపం గానీ మేలు.

వెలుతురు తోట అంతటా సమంగా పడాలి. ఒక దీపం ఆరిపోయినా దాని కింది మొక్కలకు రాత్రి విరగదు. ఆ పాదులు ముందుగా మొగ్గ వేస్తాయి. ఎల్‌ఈడీ ముక్క వేల గంటలు పనిచేసినా, బల్బులోని డ్రైవర్ అనే విద్యుత్ భాగం వేడికి, వోల్టేజీ హెచ్చుతగ్గులకు, తేమకు త్వరగా చెడిపోవచ్చు. కనుక రాత్రివేళ దీపాలను తనిఖీ చేయుట అవసరం.

ఇంటి లోపల వాడే బల్బులను, హోల్డర్లను వర్షంలో వాడరాదు. తడి నేలపై విద్యుత్ లీకు ప్రాణాంతకం. తడి చొరని హోల్డర్లతో పాటు, లీకును పసిగట్టి సరఫరా నిలిపివేసే ఆర్‌సీసీబీ పరికరాన్ని అమర్చుకోవాలి. దీపం మారినందున విద్యుత్ బిల్లు తగ్గుతుంది గాని, 230 వోల్టుల సరఫరా వలన కలిగే ప్రమాదం తగ్గదు.