వీలునామా నుండి వెలసిన విద్యాలయము

విద్యాదానమనగానే రాజులు, జమీందారులు మనకు తలపునకు వచ్చెదరు. కాని తన అనంతరము తన సొమ్ము ఏ సత్కార్యమునకు చెందవలెనో కాగితముపై వ్రాసిపోవుటయు దానమే. అట్టి దానమునకు దక్షిణదేశమున పచ్చయ్యప్ప మొదలియారు చరిత్ర గొప్ప ఉదాహరణము. అందు మెచ్చదగినది ఎంత కలదో, నేర్చుకొనదగినదియు అంతే కలదు.

పచ్చయ్యప్ప 1754లో మద్రాసుకు సమీపముననున్న పెరియపాళెములో జన్మించినాడు. నారాయణ పిళ్ళె అను ఉదారుని అండన పెరిగి, దుబాసీయై, అపారధనము గడించినాడు. 1794లో నలువదియేండ్ల ప్రాయముననే కన్నుమూసినాడు. తుదిదినములలో వీలునామా వ్రాసి, తన ధనమును ప్రధానముగా దైవకార్యములకును దానధర్మములకును విడిచినాడు.

దాత సంకల్పము గొప్పది. కాని ఆ ధనము వివాదములలో చిక్కి, దాదాపు అర్ధశతాబ్ది న్యాయస్థానముల చుట్టు తిరిగినది. తుదకు మద్రాసు అడ్వొకేటు జనరలు జార్జి నార్టను పట్టుదలతో పూనుకొనగా, దైవకార్యములకు పోను మిగిలిన సొమ్మును విద్యకు వినియోగించుటకు ఏర్పాటైనది. 1842లో పచ్చయ్యప్ప పాఠశాల తెరువబడినది. 1889లో అది మొదటితరగతి కళాశాలయైనది. గణితమేధావి శ్రీనివాస రామానుజన్ 1906లో అందు చేరి చదివినాడు. దాత మరణించి అప్పటికి నూటపన్నెండేండ్లు!

ఒక మనిషి సొమ్ము అతడెరుగని తరములకు అక్షరభిక్ష పెట్టినది. అయినను నలువది ఎనిమిదేండ్ల కాలము వ్యర్థమైనదిగదా! ఇంకొక సంగతి. 1947 వరకు ఆ కళాశాలలో హిందువులకే ప్రవేశముండెడిది. ఒకసారి ఏర్పడిన నిబంధన శతాబ్దికి పైగా తలుపు వద్ద కాపలా కాయగలదు.

మన పల్లెలలోను బడికి స్థలమిచ్చిన పుణ్యాత్ములు ఎందరో కలరు. ఆ దానము నోటిమాటగా నిలిచినచో, మనుమల కాలమున తగాదా కాగలదు. వీలునామా వ్రాయుట కష్టమైన పని కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వయస్సు వచ్చి, స్థిరబుద్ధి గలవాడు వ్రాసి సంతకము చేసిన పత్రముపై కనీసము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు; చేయించుట మాత్రము క్షేమము. బ్రతికియున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును, రద్దు చేసుకొనవచ్చును. ఉమ్మడి ఆస్తియైనచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, హిందువు తన భాగమును మాత్రమే వ్రాయగలడు.

పత్రములో బడి పేరు, ఊరు, ఆస్తి వివరము స్పష్టముగ నుండవలెను. సొమ్ము దేనికి వాడవలెనో, అమలు జరుపు బాధ్యత ఎవరిదో చెప్పవలెను. ఆ బడి మూతపడినను, మరియొక బడిలో కలిసిపోయినను ఏమి చేయవలెనో కూడ వ్రాయుట దూరదృష్టి. భార్యాబిడ్డలకు ముందుగానే తెలిపినచో సగము తగాదాలు పుట్టకముందే సమసిపోవును.

ఇందుకు కోటీశ్వరులే కానక్కరలేదు. ఉపాధ్యాయుడు తన పొదుపులో కొంత గ్రంథాలయమునకు వ్రాయవచ్చును. రైతు ఆటస్థలమునకు కొంత నేల వ్రాయవచ్చును. విద్యార్థులారా! మీ బడి గోడపైనున్న దాత పేరు ఒకసారి చదువుడు. ఆయన మిమ్ములనెరుగడు. అయినను మీరు వచ్చెదరని నమ్మినాడు.