జాగ్వార్‌కు దారి అడిగిన మనిషి

ఉత్తర మెక్సికో కొండల్లోని జాగ్వార్‌కీ, అర్జెంటీనా అడవుల్లోని జాగ్వార్‌కీ మధ్య వేల కిలోమీటర్ల దూరం. పుర్రెలు కొలిచి, మచ్చలు చూసి శాస్త్రవేత్తలు ఈ జంతువును ఎనిమిది ఉపజాతులుగా విడగొట్టారు. 2001లో వెలువడిన జన్యు పరిశోధన ఆ లెక్కను కొట్టేసింది. ఉపజాతులు లేవు, ఉన్నది ఒక్కటే జాగ్వార్. అంటే పశువుల బీళ్లు, తోటలు, ఊళ్ల అంచులు దాటుకుంటూ, మనిషి కంటపడకుండా ఇవి ఒకదాన్నొకటి కలుస్తూనే వచ్చాయన్నమాట.

ఈ సంగతి వన్యప్రాణి శాస్త్రవేత్త అలన్ రాబినోవిట్జ్‌ను కుదిపేసింది. అప్పటిదాకా ఆయన చేసిన పని అడవికి హద్దు గీసి, ఆ గీత లోపల జంతువును కాపాడటం. జంతువేమో గీత బయట కూడా బతుకుతోంది!

రాబినోవిట్జ్ 1953లో పుట్టారు. న్యూయార్క్‌లో పెరిగారు. విపరీతమైన నత్తి. బళ్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో కలిపి కూర్చోబెట్టారు. ఇంట్లో పెంచుకునే తాబేలుతో, ఊసరవెల్లితో మాట్లాడేటప్పుడు మాత్రం మాట తడబడేది కాదు. తండ్రి బ్రాంక్స్ జూకు తీసుకెళ్తే, జాగ్వార్ బోను ముందు నిలబడి, నాకు మాట వస్తే నీ తరఫున మాట్లాడతానని చెప్పేవాడట. సభల్లో బాగా పండిన కథ ఇది. మాట నిలబెట్టుకునే పని మాత్రం మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లో మొదలైంది.

ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ పంపితే, 1980ల ఆరంభంలో జాగ్వార్ల లెక్క తీయడానికి అక్కడికి వెళ్లారు. కాక్స్‌కోంబ్ లోయలో మాయా ఆదివాసీ కుటుంబాల మధ్య కాపురం పెట్టి, జాగ్వార్లను పట్టి రేడియో కాలర్లు తొడిగారు. విమానం కూలితే బతికి బయటపడ్డారు. పాముకాటుకు తన సహాయకుణ్ణి పోగొట్టుకున్నారు. దేశ ప్రధాని, మంత్రులు ఆయనకు పావుగంట సమయమిచ్చారట. ఆ నత్తి మనిషి గంటన్నర మాట్లాడారు. 1984లో లోయలో వేట నిషేధించారు. 1986లో అది ప్రపంచంలోనే తొలి జాగ్వార్ అభయారణ్యమైంది, 1990 నాటికి లక్ష ఎకరాలకు పెరిగింది.

ఈ విజయానికి మూల్యం చెల్లించింది మాయా జనం. లోయలోని వాళ్ల ఊరు ఖాళీ అయింది. చాలామంది రోడ్డు పక్కన ఉన్న మాయా సెంటర్ అనే ఊరికి చేరారు. తర్వాత వాళ్లలోంచే, ఒకప్పటి వేటగాళ్లలోంచే గార్డులు వచ్చారు. పర్యాటకుల రాకతో నాలుగు డబ్బులూ వచ్చాయి. అయినా ఊరు ఊరే కదా.

2001 తర్వాత ఆయన ప్రచారం చేసిన కారిడార్ పద్ధతి వేరు. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా జాగ్వార్లు తిరిగే పద్దెనిమిది దేశాల్లో వాటి నడక దారులు గుర్తించాలి; అక్కడి మనుషులను కదపకూడదు. రైతు పంట వేసుకోవచ్చు, పశువులు మేపుకోవచ్చు. జాగ్వార్ దాటిపోయేంత చెట్టూ చేమా మిగిలితే చాలు. దూడను చంపిందని తుపాకీ ఎత్తకుండా, రాత్రిపూట పశువులను దొడ్లో కట్టేయడం నేర్పాలి. 2008లో పులి, జాగ్వార్ లాంటి పెద్ద పిల్లుల సంరక్షణకు పనిచేసే పాంథెరా సంస్థ సారథి అయ్యాక ఆయన ప్రధానంగా పట్టుకున్నది ఈ పనినే.

అన్నీ ఫలించలేదు. మయన్మార్‌లోని హుకాంగ్ లోయను ప్రపంచంలోకెల్లా పెద్ద పులుల రిజర్వుగా చేయించారు, అదీ సైనిక పాలకులతో మాట్లాడి. ఆ సహవాసంపై విమర్శలొచ్చాయి. తర్వాత ఆ లోయలోకే బంగారు గనులు, కర్రపెండలం, చెరకు తోటలు చొచ్చుకొచ్చాయి. కాగితం మీది హద్దు అడవిని కాపాడలేదు. రక్త క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి పోరాడిన రాబినోవిట్జ్ 2018 ఆగస్టు 5న, 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

జంతువు దారినీ, మనిషి ఊరినీ రెండింటినీ నిలబెట్టడం ఎలా అన్న ఇదే చిక్కుముడి ఇప్పుడు మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. మహారాష్ట్రలోని తాడోబా పులులు తెలంగాణలోని కవ్వాల్ అభయారణ్యం వైపు రావడానికి కాగజ్‌నగర్ అడవులే దారి. 2025 మేలో తెలంగాణ ప్రభుత్వం జీవో 49తో ఆ దారిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. భూములు, ఊళ్లు పోతాయని ఆదివాసులు రోడ్డెక్కడంతో జులైలో ఆ జీవోను నిలిపేసింది. పులి దారి కోసం ఏ ఊరూ లేవదని, ఏ పోడూ ఆగదని అటవీశాఖ నిజంగా అనుకుంటే, ఆ మాటను రాతపూర్వకంగా, గోండీ, కొలామీల్లో కూడా, గ్రామసభల ముందు పెట్టాలి. జీవో ఆ తర్వాతే రావాలి.