ఉరిమితే చెట్టు కిందికి పోరాదు
పిడుగు నెత్తిన పడకున్నా ప్రాణం తీస్తుంది

దేవరయాంజాల్ : ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా మాడు పగిలే ఎండ, సాయంత్రానికి గాలిదుమారం, దాని వెంటనే ఉరుములు, మెరుపులు. దేవరయాంజాల్, శామీర్‌పేట, మేడ్చల్ పరిసర గ్రామాల వారికి ఇది ఏటా అనుభవమే. మొగులు కాగానే పొలంలో ఉన్నవారు గట్టు మీది వేపచెట్టు కిందికో, చింతచెట్టు కిందికో చేరతారు. తడవకుండా ఉండాలన్న ఆ తొందరే ప్రాణాల మీదికి తెస్తున్నది. దేశం మొత్తం మీద 2022లో పిడుగుపాటుకు 2,887 మంది మరణించినట్లు జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు తెలుపుతున్నాయి. ఆరుబయట పనిచేసే రైతులు, కూలీలు, పశువుల కాపరులకే ఈ ముప్పు ఎక్కువ.

పిడుగు ఎలా పుడుతుంది?

నల్లమబ్బులో గాలి వేగంగా పైకి లేస్తుంటుంది. ఆ గాలిలో మంచు రేణువులు, చిన్న చిన్న వడగండ్లు ఒకదానికొకటి ఒరుసుకుని విద్యుత్తు పుడుతుంది. సాధారణంగా మబ్బు పైభాగాన ధన విద్యుత్తు, అడుగున రుణ విద్యుత్తు పోగవుతాయి. గాలి ఇక అడ్డుకోలేనంతగా అది పెరిగినప్పుడు ఒక్కసారిగా దూకుతుంది. ఆ వెలుగే మెరుపు. నేలను తాకితే దాన్నే పిడుగు అంటాం.

అయిదు హార్స్‌పవర్ బావి మోటారు ఏడెనిమిది ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఒక పిడుగులో సుమారు 30,000 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఆ దారిలోని గాలి సూర్యుని ఉపరితలం కన్నా అయిదు రెట్లు వేడెక్కి, పేలినట్లు వ్యాపిస్తుంది. ఆ చప్పుడే ఉరుము.

చెట్టు ఎందుకు ప్రమాదం?

పిడుగు ఎత్తయిన వాటిని వెతుక్కుంటుంది. చెట్టు మీద పడిన పిడుగు మాను వెంట దిగుతూ, పక్కన నిలబడిన మనిషి మీదికి దూకగలదు. తరువాత నేలలో నలుదిక్కులకూ పాకుతుంది. రెండు కాళ్ల మధ్య ఎడం ఎంత ఎక్కువగా ఉంటే అంత ప్రమాదం. ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కనుకనే పశువులు త్వరగా పడిపోతాయి. నార్వే దేశంలో 2016 ఆగస్టులో ఒకచోట గుమిగూడిన 323 రైన్‌డీర్లు, అంటే ఒక రకం దుప్పులు, పిడుగు ధాటికి ఒకేసారి చనిపోయాయి. గొర్రెల మందలను చెట్టు కింద చేర్చే కాపరులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎక్కడ తలదాచుకోవాలి?

కరెంటు వైరింగు ఉన్న పక్కా ఇల్లు అన్నింటికన్నా మేలు. లోపల ఉన్నప్పుడు కూడా నల్లాను, ప్లగ్గుకు పెట్టిన వస్తువులను తాకరాదు. తలుపులు, అద్దాలు మూసిన కారు, బస్సు కూడా మంచివే. కాపాడేది రబ్బరు టైర్లు కావు, చుట్టూ ఉన్న ఇనుప పెట్టె. బైకు, సైకిలు, పైకప్పు లేని ట్రాక్టరు పనికిరావు. గోడలు లేని రేకుల షెడ్డు, గడ్డి గుడిసె, బావి కాడి చిన్న మోటారు కొట్టం కూడా నమ్మదగినవి కావు. చెరువులో ఉన్నవారు వెంటనే బయటికి రావాలి. ఇనుప కంచెకు, పందిరి తీగలకు దూరంగా ఉండాలి.

సెల్‌ఫోను పిడుగును లాగదు. అయితే చార్జింగుకు పెట్టి మాట్లాడటం ప్రమాదం. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల పిడుగుల కబురు ముందుగా చెబుతుంది.

ఫోను లేనివారికి చెవులే సాధనం. మెరిసినప్పటి నుంచి ఉరిమేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లోపే ఉరిమితే పిడుగు మీ పక్కనే ఉన్నట్లు. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకండి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. కాబట్టి ఒకటి పడిపోయింది కదా అని ధీమా పనికిరాదు.

దగ్గరలో ఇల్లే లేకపోతే చెట్లకు, స్తంభాలకు దూరంగా పల్లపు చోటు చూసుకుని, పాదాలు రెండూ కలిపి గొంతుకూర్చోవాలి. నేల మీద పడుకోరాదు. నలుగురు ఉంటే ఎడంగా ఉండాలి. ఇది గత్యంతరం లేనప్పుడే.

పడిపోయినవారిని ముట్టుకోవచ్చు

పిడుగు తగిలిన మనిషిలో కరెంటు నిలిచి ఉండదు. ముట్టుకోవడానికి భయపడవద్దు. శ్వాస లేకుంటే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, 108కి ఫోను చేయించాలి. చచ్చిపోయినట్లు కనబడినవారు కూడా ఇలా బతికిన సందర్భాలున్నాయి. పేడ పూయడం, మట్టిలో పూడ్చడం వల్ల విలువైన నిమిషాలు పోవడమే తప్ప లాభం లేదు.

ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు తలచుకోవడం పెద్దల నాటి అలవాటు. తలచుకోవచ్చు, కాని ఇంటివైపు నడుస్తూ తలచుకోవాలి. కూలి పోతుందని పని వదలలేని వారు ఎందరో ఉన్నారు. నాట్లు వేయించే రైతులు, గోదాముల వద్ద సరుకు ఎత్తించే మేస్త్రీలు మొదటి ఉరుముకే పని ఆపించి, ఆ కాసేపటికి కూలి కోయకుండా ఉంటే ఎన్నో కుటుంబాలు నిలబడతాయి.