రెండు నెలలే కదా... అంటే?

అద్దె ఇళ్లలో ఉండే మనం రెండు మాటలు వింటే చాలు, ఉలిక్కిపడతాం. ఒకటి 'అద్దె పెంచుతున్నాం', రెండోది 'ఇల్లు ఖాళీ చెయ్యండి'. ఈమధ్య మూడో మాట కూడా వినిపిస్తోంది. "రిపేర్లు చేయిస్తున్నాం, ఓ రెండు నెలలు ఎక్కడైనా సర్దుకోండి. మళ్లీ మీరే వద్దురుగాని!" వినడానికి ఎంత తేలికో!

హైదరాబాద్‌లో మేముండే మూడంతస్తుల ఇంట్లో ఆరు పోర్షన్లు. పైపులు తుప్పుపట్టి, బాత్‌రూమ్ గోడలు చెమ్మెక్కి, స్లాబు పెచ్చులూడుతోంది. బాగుచేయించమని ఏడాదిగా అడుగుతున్నదీ మేమే. కనుక మొన్న వేసవిలో ఓనరుగారు ఆ మాట అన్నప్పుడు కాదనడానికి నోరు రాలేదు. కానీ 'సర్దుకోవడం' అంటే ఎంత చాకిరీయో తెలిసేది మనకే కదా!

రెండు నెలల కోసం ఇల్లిచ్చేదెవరు? ఇచ్చినా మళ్లీ అడ్వాన్సు కట్టాలి. సామాను ఎక్కించి దించే ఖర్చు ఒకసారి కాదు, రెండుసార్లు. స్కూలు బస్సు ఆ వీధికి రాదు. ఆషాఢంలో ఇల్లు మారకూడదని పెద్దవాళ్ల పట్టు. ఉండేది రెండు నెలలే అయినప్పుడు పాలు పొంగించాలా, అక్కర్లేదా అని పై పోర్షన్ మామ్మగారి సందేహం!

అందరం నవ్వాం గానీ, కింద ఎడమ పోర్షన్‌లో బట్టలు కుట్టే ఆమె నవ్వలేదు. "శ్రావణంలో పెళ్లిళ్ల జాకెట్లన్నీ వస్తాయి వదినా. అప్పుడు కనబడకపోతే ఇంకో మిషను చూసుకుంటారు. నేను తిరిగొచ్చేసరికి ఇల్లుంటుంది, బేరాలుండవు" అంది. ఆమె మాటతోనే ఆరిళ్ల ఆడవాళ్లం మేడ మీద కూర్చున్నాం.

చట్టం ఏమంటోందో కనుక్కునే పని నాకు అప్పగించారు. తెలంగాణలో ఇప్పటికీ ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 12వ సెక్షన్ మనకు అనుకూలమే. మరమ్మతుల కోసం కంట్రోలర్ ఖాళీ చేయించాలంటే, పని పూర్తయ్యాక ఇల్లు ఆ అద్దెదారుకే ఇస్తానని ఓనరు హామీ ఇవ్వాలి. అయితే 2005 సవరణ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెల్ని ఈ చట్టం నుంచి తప్పించింది. అంతకు తక్కువకి ఇల్లెక్కడుంది చెప్పండి! కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా, మరమ్మతుల తర్వాత తిరిగి చేరడం ఇద్దరూ ఒప్పుకుని కొత్త ఒప్పందం దాఖలు చేస్తేనే. అదీ రాష్ట్రాలు అమలులోకి తెచ్చుకున్నచోటే. అంటే మనలాంటివాళ్లకి దిక్కు ఏదైనా ఉంటే అది చేతిలోని కాయితమే.

కాయితం మాట ఎత్తగానే ఓనరుగారు నొచ్చుకున్నారు. "నా మాట మీద నమ్మకం లేదామ్మా?" అన్నారు. "మీ మీద నమ్మకమేనండీ. రేపు లెక్కలు మీ అబ్బాయి చూసుకుంటే ఆయనకి చెప్పాల్సింది ఈ కాయితమే కదా" అన్నారు మామ్మగారు. ఆయన మాట్లాడలేదు. వాళ్లావిడే కలం తెచ్చిచ్చింది.

ఇంకో దారి మేస్త్రి చూపించాడు. బాత్‌రూములు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి కనుక ఎడమవైపు మూడింటికీ పైపు లైను ఒకటే, కుడివైపు మూడింటికీ ఇంకొకటి. ఆరిళ్లూ ఒక్కసారే ఖాళీ చెయ్యక్కర్లేదు. ముందు ఎడమ, తర్వాత కుడి. కుట్టుమిషను ఎదురింటి ముందుగదిలోకి మారింది. ఆమె రాత్రిళ్లు చెల్లెలి ఇంట్లో పడుకుని, పొద్దున్నే వచ్చి కుట్టుకుంది. బేరాలు పోలేదు.

అన్నీ మేమనుకున్నట్టు జరిగాయనను. సామాను ఖర్చు ఓనరుగారు ఇవ్వలేదు. నెలలు నిండుతున్న కోడలున్న కుటుంబం ఈ తిప్పలు పడలేమని వేరే ఇంటికి వెళ్లిపోయింది. ఎడమవైపు పని ఆరు వారాలన్నది పది వారాలైంది. అయితే గడువు దాటితే బయటి అద్దెలో సగం ఓనరు భరించాలని రాసుకున్నాం. గొణుక్కుంటూనైనా ఇచ్చారు.

మీకూ ఇలాంటి పరిస్థితి వస్తే ఇవి రాయించుకోండి. తిరిగి చేరే తేదీ. తిరిగొచ్చాక కట్టే అద్దె, అది ఎన్నాళ్లు పెంచరో కూడా. ఖాళీగా ఉన్న రోజులకి అద్దె లేదని. పాత అడ్వాన్సు ఓనరు దగ్గర ఎంత ఉందో. గడువు దాటితే ఎవరు భరించాలో. మీ సామాను కొంత అక్కడే వదిలితే దాని జాబితా. వెళ్లేముందు గదులన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

కాయితం అడిగితే మనస్పర్థలొస్తాయని వెనకాడకండి. మావాటాలో తిరిగొచ్చిన ఐదిళ్లకీ ఓనరుగారికీ ఇప్పటికీ పలకరింపులున్నాయి. రాసుకోకుండా వెళ్లి, తిరిగొచ్చేసరికి గుమ్మంలో వేరేవాళ్ల చెప్పులు కనబడితేనే అసలు గొడవ.