చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఎలా? తక్కువ ఖర్చుతో, ప్రాణాపాయం లేకుండా



నవంబరు వానలు వెలిసి, సంఘాల్లో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలయ్యే నాటికి మన పడమటి మండలాల్లో చలి దిగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి ఆరు డిగ్రీల దాకా చల్లబడుతుంది. అందుకే నెల్లూరులో పలుచని దుప్పటి చాలిన రాత్రి మదనపల్లెలో కంబళి కావాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు, కొన్ని రాత్రులు అంతకన్నా కిందికి కూడా పడిపోతుంది.

చలి దేశాల్లో లాగా మన ఇళ్ళలో గది మొత్తాన్ని వేడి చేసే ఏర్పాట్లు ఉండవు. ఉన్నా కరెంటు బిల్లు భరించలేము. కాబట్టి చాలామంది చేసేది ఒక్కటే: తలుపులు, కిటికీలు బిగించి, మంచం పక్కన నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకోవడం. మేము ముందుగా చెప్పదలచినది దాని గురించే.

కుంపటి ఎందుకు ప్రమాదం?

బొగ్గులు, కట్టెలు, పిడకలు గాలి చాలక సగం సగంగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ అయితే కళ్ళు మండి మనల్ని లేపుతుంది, ఈ వాయువు అలా లేపదు. "పొగ పోయింది, నిప్పులే మిగిలాయి, ఇక భయం లేదు" అనుకుని కుంపటిని లోపలికి తెస్తారు. నిజానికి పొగ లేని ఆ నిప్పులే ఈ వాయువును ఎక్కువగా వదులుతాయి.

మన రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అది ప్రాణవాయువును పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఈ విషవాయువును పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి కనిపిస్తాయి. నిద్రలో ఉన్నవారికి నిద్రే మత్తుగా మారి మళ్ళీ లేవకపోవచ్చు.

"మా అవ్వ కాలం నుంచి కుంపటి పెట్టుకుంటున్నాము, ఎవరికీ ఏమీ కాలేదే!" అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. అవ్వ ఉన్నది బోద కొట్టంలోనో, మట్టి మిద్దెలోనో. కొట్టానికి కప్పు నిండా సందులే. మట్టి మిద్దెకు పైన గవాచి ఉండేది. విషవాయువు వాటి గుండా బయటికి పోయేది. ఈనాటి స్లాబు గదికి గవాచి లేదు. తలుపు బిగువుగా పడుతుంది, కిటికీకి అద్దం ఉంది. అదే కుంపటి, అవే బొగ్గులు, కానీ గది మారింది.

కాబట్టి పడుకునే గదిలో కుంపటి, బొగ్గుల బాణలి, కట్టెల పొయ్యి వద్దు. వెచ్చదనం కోసం గ్యాసు పొయ్యి వెలిగించి ఉంచడమూ వద్దు. టమోటా మార్కెట్టుకు సరుకు తెచ్చి వ్యానులో పడుకునే రైతు సోదరులు, పొలంలో ఏనుగుల కాపలాకు గుడిసెలో ఉండే కుప్పం వైపు వారు కూడా నిప్పును లోపలికి తీసుకుపోరాదు. చలిమంట ఆరుబయటే వేసుకోవాలి, కొంగు, చున్నీ వేలాడకుండా చూసుకోవాలి. పడుకునే ముందు మంటను నీళ్ళతో ఆర్పాలి.

ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురు ఒకేసారి తలనొప్పితోనో, వాంతులతోనో లేస్తే కుంపటిని అనుమానించండి. తలుపులు తెరిచి అందరినీ బయటి గాలికి తెచ్చి వెంటనే 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని పట్టలేదు. అందులో అంకె బాగుందని ఇంట్లో ఉండిపోకండి.

గాలికి దారి ఉండాలి

వెచ్చదనం కోసం గాలిని పూర్తిగా మూసేయనక్కరలేదని మన ఊరి చరిత్రే చెబుతోంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో వివిధ మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం శానిటోరియం నెలకొల్పాయి. 1915 నుంచి అక్కడ రోగులకు వైద్యం అందింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. అప్పటికి క్షయకు మందు లేదు. మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకు శానిటోరియంలలో వైద్యానికి ఆధారం ఇవే: విశ్రాంతి, మంచి తిండి, ధారాళమైన గాలి. రోగి ఒంటిని దుప్పట్లతో వెచ్చగా ఉంచేవారు, గదిని మాత్రం గాలికి తెరిచి ఉంచేవారు.

ఆ పాఠం ఈనాటికీ పనికొస్తుంది. మూసిన గదిలో పదిమంది కలిసి పడుకుంటే ఒకరి దగ్గు అందరికీ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే చలి దగ్గులే అని ఊరుకోవద్దు. కళ్ళె పరీక్ష, క్షయ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

మన చలిగాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఆ వైపు కిటికీ మూసి, దానికి ఎదురు వైపున పైన ఉన్న వెంటిలేటరును తెరిచి ఉంచండి. ఒంటికి గాలి కొట్టదు, గదిలో గాలి మాత్రం మారుతుంది.

ఇంటికి చేయవలసినవి

గదిని వేడి చేయడానికి డబ్బు కావాలి. ఉన్న వేడిని పోనీయకుండా చూడడానికి పాత గుడ్డలు చాలు.

1. పగలు పది గంటల నుంచి ఎండ వచ్చే కిటికీలు తెరిచి, పరుపులు, బొంతలు ఎండలో వేయండి. తేమ పట్టిన బొంత వెచ్చగా ఉండదు. పొద్దు వాలకముందే మడిచి లోపల పెట్టండి.

2. తలుపు కింది సందుకు పాత చీరను చుట్టచుట్టి అడ్డం పెట్టండి. తలుపుకు లోపలి వైపు గోనె పట్టా తెరలా వేలాడదీయండి.

3. రేకుల ఇంట్లో వేడి పైకే పోతుంది. రేకుకు జానెడు కింద తాళ్ళు కట్టి, వాటి మీద పాత చీరలో, కుట్టిన గోతాలో పరచండి. నడుమ నిలిచిన గాలే కప్పుకు దుప్పటి అవుతుంది. పొయ్యి ఉన్న చోట మాత్రం ఇలా కట్టవద్దు, నిప్పు అంటుకుంటుంది.

4. మంచాన్ని బయటి గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి.

పక్క వేసుకునే తీరు

దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని గాలి పొరలో పట్టి ఉంచుతుంది. అందుకే ఒక మందపాటి దుప్పటి కన్నా రెండు పలుచని దుప్పట్లు మేలు. పైన కప్పుకోవడం ఎంత ముఖ్యమో, కింద పరచుకోవడమూ అంతే ముఖ్యం. సిమెంటు నేల రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది. నేల మీద పడుకునేవారు ముందు గోనె సంచులు, వాటిపై చాప, దానిపై బొంత వేసుకోవాలి. నులక మంచమైతే కింది నుంచి గాలి తగులుతుంది, కాబట్టి ఒక బొంత పైన కప్పుకుంటే ఇంకొకటి కింద పరచండి. తలకు టోపీ లేదా తువాలు, కాళ్ళకు సాక్సు పెద్ద తేడా చూపుతాయి.

పసిబిడ్డలు, బాలింతలు

అప్పుడే పుట్టిన బిడ్డ తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. పుట్టిన 24 గంటల దాకా స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొడిగుడ్డతో తుడిచి, టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు ఆనించి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. తల్లి ఒడిని మించిన హీటరు లేదు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు ఈ పద్ధతిని మొదలుపెట్టారు. నేడు తక్కువ బరువు బిడ్డల కోసం ప్రపంచమంతటా దీన్నే పాటిస్తున్నారు.

మీ చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిదే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి వేస్తోంది. రెండూ చల్లబడితే ఆలస్యం చేయక, బిడ్డను ఒంటికి ఆనించుకునే ఆస్పత్రికి రండి. బిడ్డ ముఖం మీద దుప్పటి పడనీయవద్దు. బాలింత గదిలో సాంబ్రాణి పొగ, కుంపటి రెండూ వద్దు.

పెద్దవారు, స్పర్శ లేనివారు

చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. గుండె జబ్బు, పక్షవాతం ముప్పు ఉన్నవారు మందులు మానరాదు. తెల్లవారుజామున దుప్పటి తీసి ఒక్కసారిగా లేవకుండా, నిమిషం కూర్చుని లేవాలి. పాలు పితకడానికి చీకటితోనే లేచే పుంగనూరు రైతులు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే నీరుగట్టువారిపల్లె నేతన్నలు కాళ్ళకు, చెవులకు కప్పుకుని పని మొదలుపెట్టాలి.

షుగరు వల్లనో, కుష్ఠు వల్లనో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. మీ కాళ్ళకు మంట తగిలినా తెలియదు. చలిమంట దగ్గర కాళ్ళు చాపవద్దు. వేడినీళ్ళ సీసాను పాదాలకు ఆనించుకుని పడుకోవద్దు. నీళ్ళ వేడిని మోచేతితో చూసుకోండి, లేదా ఇంట్లో వారిని చూడమనండి. ఒక్క రాత్రి పుట్టిన బొబ్బ నెలల తరబడి మానని పుండు కావచ్చు.

నీళ్ళు కాచే కరెంటు రాడ్డును ప్లాస్టిక్ బక్కెట్లోనే వాడండి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాతే నీళ్ళలో చేయి పెట్టండి.

లోపలి వెచ్చదనం

ఆకలి కడుపుతో పడుకుంటే చలి ఎక్కువ వేస్తుంది. రాత్రి వేడివేడి రాగి సంగటి, ఉలవచారు మనకు చవకైన కట్టెలు. పడుకునే ముందు గ్లాసుడు వేడి గంజి గానీ పాలు గానీ తాగండి. సారా వెచ్చదనం ఇస్తుందన్నది వట్టి మాట. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గానీ, లోపలి వేడి బయటికి పోతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే రండి

పసిబిడ్డ పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేయడం, నిమిషానికి ఊపిరి రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ళ లోపు పిల్లలకు 40 లేదా అంతకు మించడం, వృద్ధులు మాట తడబడి, మత్తుగా ఉండి, ఒళ్ళు చల్లబడడం, ఛాతీలో నొప్పి, ఆయాసం.

సంఘానికి ఒక మనవి

అప్పు కింద పేదవాడి పైబట్టను తాకట్టు పెట్టుకున్నా, చీకటి పడేలోగా అతనికి తిరిగి అప్పగించాలని నిర్గమకాండము 22వ అధ్యాయంలో ధర్మశాస్త్రం విధిస్తుంది. రాత్రి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే గనుక. అప్పు ఇచ్చినవాని హక్కు కన్నా ఒక పేదవాని నిద్ర దేవుని దృష్టిలో పెద్దది.

మా వార్డుల నుంచి ఇంటికి వెళ్ళే బాలింతల్లో, వృద్ధుల్లో రెండో దుప్పటి లేనివారు ఉన్నారు. కుంపటి వద్దని వారికి చెప్పడం మాకు సులభమే. దుప్పటి లేకుండా ఆ మాట పాటించడం వారికి కష్టం. ఈ క్రిస్మస్‌కు కొత్తబట్టలు కొనేటప్పుడు మీ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక అవ్వనో, తాతనో తలచుకుని ఒక కంబళి కూడా కొనండి. మహిళా సమాజం వారు పాత చీరలు పోగుచేసి బొంతలు కుడితే, దొర్కా చేసిన పనే మన సంఘాల్లో మళ్ళీ జరుగుతుంది. ఇచ్చేటప్పుడు ఇంటి లోపలికి ఒకసారి చూడండి. మంచం పక్కన కుంపటి ఉంటే బయట పెట్టించి, వెంటిలేటరు తెరిచి రండి.