డెండ్రైట్లలో కాల్షియం సంకేతం: అంతర్వేది ఉపమానంగా ఒక వివరణ

కీలకపదాలు: మస్తిష్క వల్కలం, నాడీకణం, డెండ్రైట్, కాల్షియం, ఉపమానం.

మస్తిష్క వల్కలంలోని నాడీకణాన్ని తెలుగులో వివరింపబూనినప్పుడు దాని డెండ్రైట్లకు వెంటనే స్ఫురించే పోలిక ఉపనదులు. కొమ్మల కొసలలో అందిన సంకేతాలు కణదేహాన్ని చేరి, అక్కడి నుండి ఆక్సాన్ గుండా ముందుకు సాగుతాయని దాని భావం. పోలిక తప్పు కాదు గాని అసంపూర్ణం. వాశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే అంతర్వేది ఇంతకంటే తగిన ఉపమానం. అక్కడ పోటు వేళ సముద్రపు నీరు నదిలోకి ఎదురెక్కుతుంది.

నాడీకణంలోనూ అటువంటి ఎదురుపోటు ఉంది. ఆక్సాన్ మొదట పుట్టిన విద్యుత్ స్పందన వెనుకకు డెండ్రైట్లలోకి కూడా వ్యాపిస్తుందని గ్రెగ్ స్టువర్ట్, బెర్ట్ సక్మన్ 1994లో ఎలుక మెదడు కణాలలో నిరూపించారు. ఆ స్పందన ఎదురెక్కిన వేళకే కొమ్మల కొసన మరొక సంకేతం అందితే ఏమవుతుంది? మాథ్యూ లార్కమ్, జూలియస్ జూ, సక్మన్‌ల 1999 నాటి పరిశోధన దీనికి సమాధానం. కొద్ది మిల్లీసెకన్ల వ్యవధిలో ఆ రెండూ కలిస్తే డెండ్రైట్ పైభాగంలోని కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. కణం ఒక్కసారితో ఆగక వరుసగా రెండు మూడుసార్లు స్పందిస్తుంది. కనుక డెండ్రైట్ కేవలం వచ్చినదాన్ని మోసే కాలువ కాదు, రెండు వార్తలు ఒకే వేళకు అందాయో లేదో తేల్చే స్థలం.

ఈ పనికి కాల్షియమే ఎందుకు? కణం వెలుపలి కాల్షియం గాఢత లోపలి దానికి సుమారు 10,000 రెట్లు. మార్గం క్షణకాలం తెరుచుకున్నా లోపల పెద్ద మార్పు కలుగుతుంది. పైగా అది విద్యుత్తుతో ముగిసేది కాదు. లోపలికి వచ్చిన కాల్షియం కాల్‌మోడ్యులిన్ వంటి ప్రోటీన్లను పట్టుకొని, నాడీసంధుల బలాన్నే మార్చగలదు. అభ్యసనానికి ఆధారమైన ప్రక్రియలలో ఇదొకటి.

అయితే పోటు తర్వాత ఆటు రావాలి. లోపలే నిలిచిపోయిన కాల్షియం కణానికి ప్రాణాంతకం. దాన్ని వెలుపలికి తోడే పంపులు ఏటీపీ శక్తితో నడుస్తాయి. అంతర్వేదికి ఏటి ఆవలి సీమలోని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించిన పదార్థం ఇదే. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీన్ని వేరుగా కనుగొన్నాడు. సుబ్బారావును ఔషధాల సందర్భంలోనే స్మరించేవారు ఈ సంగతి కూడా గమనించదగినది.

ఉపమానానికి ఒక హద్దుంది. శస్త్రచికిత్సలలో తొలగించిన మానవ మెదడు కణజాలంపై జరిగిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. పైపొరల కణాల డెండ్రైట్లలో కాల్షియం స్పందన ఒక మోతాదు ప్రేరణకు గరిష్ఠమై, ప్రేరణ ఇంకా పెరిగితే తగ్గిపోతున్నట్లు అందులో తేలింది. రెండు సంకేతాలలో ఏదో ఒకటి వస్తే స్పందించి, రెండూ కలిసి వస్తే మౌనం వహించడం ఒక్క కణానికే సాధ్యం కావచ్చునన్నమాట. నీరు పెరిగినకొద్దీ తగ్గే పోటు అంతర్వేదిలో లేదు.