ఓటమి ఒప్పుకోవడమే తొలి పాఠం
బ్రెజిలియన్ జియు-జిట్సు: పిల్లలైనా, పెద్దలైనా చేరేముందు తెలుసుకోవలసినవి

తెలుగునాట కుస్తీ గోదాలో రెండు భుజాలూ నేలకు తగిలితే పోటీ ముగిసినట్టే. వెల్లకిలా పడినవాడు ఓడినవాడే. బ్రెజిలియన్ జియు-జిట్సులో అసలు పోరు అక్కడే మొదలవుతుంది. వీపు నేలకు ఆనించి, కాళ్లతో ప్రత్యర్థిని నిలువరిస్తూ, అదను చూసి చేతినో మెడనో బిగించి గెలిచే విద్య ఇది. పిడిగుద్దులకు, తన్నులకు ఈ క్రీడలో తావు లేదు.

హైదరాబాద్ వంటి నగరాల్లో దీనిని నేర్పే కేంద్రాలు వెలిశాయి. పిల్లలను చేర్పించదలచిన తల్లిదండ్రులు, నడివయసులో తామే నేర్చుకోవాలనుకునే పెద్దలు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఈ విద్యలో గాయాల నుంచి కాపాడేది కండబలం కాదు, సకాలంలో ఓటమి ఒప్పుకోవడం.

జపాన్ నుంచి బ్రెజిల్‌కు..

జపాన్‌లో జిగోరో కానో 1882లో కొడోకన్ పాఠశాలను స్థాపించి జూడోకు రూపమిచ్చారు. అక్కడ శిక్షణ పొందిన మిత్సుయో మాయెదా పలు దేశాలు తిరిగి, 1914లో బ్రెజిల్ చేరుకున్నారు. అమెజాన్ ప్రాంతంలోని బెలెం నగరంలో కార్లోస్ గ్రేసీ అనే యువకుడు ఆయన విద్యను అభ్యసించారు. తరువాత 1925లో కార్లోస్ రియో డి జనీరోలో సొంత శిక్షణశాల ప్రారంభించారు.

కార్లోస్ తమ్ముడు హీలియో గ్రేసీ బక్కపలచని మనిషి. ప్రత్యర్థిని ఎత్తి పడవేసేందుకు ఆయన బలం చాలేది కాదు. అందుచేత నేలమీది పట్లపైనే దృష్టి నిలిపారు. గడ్డపారతో బండను పెకలించినట్టు, తక్కువ బలంతో ఎక్కువ బరువును కదిలించే ఉపాయాలకు పదును పెట్టారు. ఆయన కుమారుడు రాయిస్ గ్రేసీ 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీ పోటీలో ఒకేరోజు ముగ్గురిని ఓడించి విజేతగా నిలిచారు. దానితో ఈ విద్య ప్రపంచం దృష్టిలో పడింది.

రెండుసార్లు తడితే చాలు

పట్టు బిగిసి తప్పించుకునే దారి లేనప్పుడు ప్రత్యర్థి ఒంటిమీదగానీ, చాపమీదగానీ చేతితో రెండుమూడుసార్లు స్పష్టంగా తట్టాలి. చేతులు ఇరుక్కుపోతే నోటితో చెప్పవచ్చు. మరుక్షణమే అవతలివారు పట్టు వదలాలి. దీనినే 'ట్యాప్' అంటారు. ఈ ఒక్క నియమం మీదనే సాధన అంతా నిలిచి ఉంది. ఇది ఉన్నందువల్లనే ఇద్దరు మిత్రులు పూర్తి బలంతో తలపడి, తిరిగి చేతులు కలిపి లేవగలుగుతున్నారు.

తట్టడంలో ఆలస్యం ప్రమాదకరం. మోచేతిని వెనక్కు వంచే పట్టులో నొప్పికీ, కీలు దెబ్బతినడానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. మెడపట్టులో మెదడుకు రక్తం చేరవేసే ధమనులు రెండువైపులా నొక్కుకుపోతాయి. కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు. కనుక శిక్షకుడు లేనిచోట, వీడియోలు చూసి ఇంట్లో పిల్లలు ఈ పట్లు ప్రయత్నించడం ఎంతమాత్రం తగదు.

ఇందుకు హీలియో గ్రేసీ అనుభవమే ఉదాహరణ. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురాతో ఆయన తలపడ్డారు. కిమురా ఆయన చేతిని మెలిపెట్టి బిగించినా హీలియో తట్టలేదు. చేయి విరిగింది. చివరకు ఆయన పక్షం వారే తువ్వాలు విసిరి పోటీ ఆపించారు. ఆ పట్టుకు నేటికీ 'కిమురా' అనే పేరు వాడుకలో ఉండటం విశేషం.

పిల్లలకు ఆటగానే..

పిల్లలకు మొదట నేర్పేది దెబ్బ తగలకుండా పడటం. తరువాత రొయ్య మాదిరిగా నడుము ముడిచి పక్కకు జరగడం, వంతెనలా నడుమెత్తి మీదివారిని దొర్లించడం వంటి కదలికలు సాధన చేయిస్తారు. ఇవన్నీ ఆటల రూపంలోనే సాగుతాయి. ఎదిగే వయసులో ఎముకల చివరలు ఇంకా గట్టిపడవు. అందువల్ల మడమను మెలితిప్పి మోకాలికి హాని చేసే పట్టు వంటివి పోటీల్లో పిల్లలకు నిషిద్ధం.

అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య నిబంధనల ప్రకారం 4 నుంచి 15 ఏళ్లవారికి తెలుపు, బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ బెల్టులు ఉన్నాయి. ఎంత నేర్పరి అయినా నీలం బెల్టుకు 16వ ఏడు వచ్చేదాకా ఆగవలసిందే. బెల్టు త్వరగా రావాలని తల్లిదండ్రులు తొందరపెడితే ప్రయోజనం లేదు. తోటివారి ముందు తట్టి, నవ్వుతూ లేచి మళ్లీ పట్టుకు సిద్ధపడే పిల్లవాడే నిజంగా నేర్చుకుంటున్నట్టు లెక్క.

పెద్దలకు అహమే అడ్డంకి

పెద్దలకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అనే వరుసలో బెల్టులు ఇస్తారు. సాధారణంగా నీలంలో కనీసం రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది గడపాలి. ఆచరణలో నలుపు బెల్టుకు సుమారు పదేళ్లు పట్టడం మామూలే.

కొత్తగా చేరిన పెద్దలు తమకంటే చిన్నవారి చేతిలో, తక్కువ బరువున్నవారి చేతిలో పదేపదే ఓడిపోతారు. ఉద్యోగంలో పదిమందికి ఆజ్ఞలిచ్చేవారికి ఇది కష్టంగానే ఉంటుంది. పరువుకు పోయి తట్టకుండా బిగపట్టేవారు భుజం, మోచేయి, మోకాలి గాయాలను కొనితెచ్చుకుంటారు. ఓర్పు ఉంటే వయసు అడ్డంకి కాదు. అమెరికా వంటమాస్టరు, టీవీ వ్యాఖ్యాత ఆంథొనీ బోర్డెయిన్ యాభయ్యో పడి దాటాక సాధన ప్రారంభించారు. 2016లో, 59 ఏళ్ల వయసులో న్యూయార్క్ పోటీల్లో నీలం బెల్టు విభాగంలో తన వయసువారిపై స్వర్ణం సాధించారు.

చేరేముందు ఇవి చూడాలి

డబ్బు కట్టేముందు ఒక తరగతిని ఆసాంతం పరిశీలించడం మేలు. తల్లిదండ్రులను చూడనివ్వని చోట పిల్లలను చేర్చకపోవడమే మంచిది. తట్టగానే పట్టు వదులుతున్నారా, పిల్లలను వయసును, బరువును బట్టి జతపరుస్తున్నారా, కొత్తవారిని తొలిరోజే పోరుకు దింపుతున్నారా అన్నవి గమనించాలి. శిక్షకుడికి బెల్టు ఎవరిచ్చారో నిస్సంకోచంగా అడగవచ్చు.

చాప శుభ్రత కూడా ముఖ్యమే. ఒళ్లూ ఒళ్లూ రాసుకునే క్రీడ కావడంతో తామర వంటి చర్మవ్యాధులు సులువుగా అంటుకుంటాయి. గోళ్లు కత్తిరించుకోవడం, దుస్తులను ప్రతి తరగతి తరువాత ఉతకడం, చర్మంపై మచ్చలు కనిపిస్తే సాధన మానడం తప్పనిసరి. పాత గాయాలు, గుండెజబ్బులు, రక్తపోటు ఉన్నవారు వైద్యుడి సలహా తీసుకున్నాకే చేరాలి.

జియు-జిట్సును 2018 జకార్తా-పాలెంబాంగ్ ఆసియా క్రీడల్లో తొలిసారి చేర్చారు. పతకాల మాట ఎలా ఉన్నా, మొదటి నెలలో నేర్చుకోవలసింది మాత్రం ఒక్కటే. పట్టు బిగిసిందని తెలిసిన క్షణంలో సిగ్గుపడకుండా తట్టడం, అవతలివారు తడితే ఆ క్షణమే వదలడం.